పొడంటే పొడే

నేను శుభ్రమైన మనిషిని. ఈ మాట నేనే చెప్పుకోవలసి రావడం నా ఖర్మ. ఇంకెవరైనా నా గురించి చెప్పాల్సివస్తే, నేను వింటుంటే చాదస్తం అంటారు, వినకపోతే పిచ్చి అంటారు. కుళాయి తిప్పే ముందు కుళాయిని కడుగుతాను. చేతులు కడుక్కున్నాక, మళ్లీ కట్టేయాలి కదా అని దాన్ని ఇంకోసారి కడుగుతాను. బజారు నుంచి తెచ్చిన కొబ్బరికాయకి సబ్బు రాసి కడిగాకే దేవుడి గదిలోకి రానిస్తాను. ఒకసారి ప్రసాదం సబ్బు వాసన వేసింది. దేవుడు ఏమీ అనలేదు, మా ఆవిడ అంది.

మా ఇంట్లో నేను ఎక్కువసార్లు అనే మాట, 'సేతులు కడిగీసినావా?' మా ఆవిడ బడి నుంచి వస్తే అదే, కూరలు తెస్తే అదే, పక్కింటి వాళ్ల పసిబిడ్డని ఎత్తుకుని వస్తే అదే. పెళ్లయిన కొత్తలో తను నా చెయ్యి పట్టుకోబోతే కూడా అదే అన్నానని ఆవిడ చెబుతుంది. నాకు గుర్తు లేదు. కానీ అనే ఉంటాను.

దీనికంతటికీ మూలం మా వ్యాపారం. బరంపురం పెద్ద బజారులో మాది తాతల నాటి పొడుల కొట్టు. పసుపు, కారం, ధనియాల పొడి, శీకాకాయ, కుంకుమ, సున్నిపిండి. కొట్టు వెనకే మర. ఉదయం మర తిరగడం మొదలైతే సాయంత్రం దాకా గాలిలో ఏదో ఒక పొడి తేలుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు గుమ్మంలోనే తుమ్ముతారు. అందులో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి నాకా పొడి కనిపించదు, ఘాటు తెలియదు. సాయంత్రం గోసాని నువాగాంలో ఇంటికి చేరి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, ఈ వీధిలో నాకంటే శుభ్రమైనవాడు లేడన్న తృప్తితో కుర్చీలో కూలబడతాను. ఒంటిమీద మాత్రం కొట్టులో వేసుకున్న చొక్కాయే. ఈ ఆఖరి వాక్యం ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పట్లో నాకు తట్టలేదు.

మా ఆవిడ ఒడియా బడిలో టీచరు. ఆవిడతో పనిచేసే ఒకావిడకి కొరాపుట్ వైపు బదిలీ అయింది. సామానంతా లారీకెక్కించి, ఎక్కించలేని ఒక్కదాన్ని ఆవిడ మా ఆవిడ చేతిలో పెట్టింది. మామిడిపళ్ల అట్టపెట్టెకి కన్నాలు పొడిచి ఉన్నాయి. లోపల ఏదో కదులుతోంది.

"ఏటిది?" అన్నాను, దూరం నుంచే.

"ఠెకుఆ" అంది మా ఆవిడ. బడి నుంచి వచ్చిన గంట దాకా ఆవిడ నోట ఒడియాయే వస్తుంది.

"కుందేలని నాకూ కనిపిస్తంది. మనింట్లో దానికేటి పని అనడిగినాను."

"ఉంటాది" అంది. ఆ మాట తెలుగులోనే అంది, అందుకే నాకు భయం వేసింది.

తెల్లటి ఆడకుందేలు. అలాంటి పిరికిదాన్ని నేనెక్కడా చూడలేదు. కుక్కర్ విజిల్ వేస్తే బీరువా కిందకి దూరుతుంది. వీధిలో మోటారుసైకిలు వెళ్తే వెనక కాళ్లతో నేలని దబదబా కొడుతుంది. పేపరు మడత విప్పినా ఉలిక్కిపడుతుంది. మా ఆవిడ దగ్గర మాత్రం కాస్త నిదానంగా ఉండేది. ఆవిడ నేలమీద కూర్చుని పిల్లల కాపీలు, అంటే నోటుపుస్తకాలు, దిద్దుతుంటే పక్కన వచ్చి కూర్చునేది. నేను గదిలోకి వస్తే రెండుసార్లు తుమ్మి మంచం కిందకి పోయేది. దీనికి జలుబుంది అని తేల్చాను. అలా రోజూ తేల్చేవాణ్ని.

ఇంకో విచిత్రం. ఎప్పుడైనా చేతికి చిక్కితే, కడిగిన చేత్తోనే, వీపు మీద నిమిరేవాణ్ని. నేను వదిలీ వదలగానే అది కాస్త దూరం పోయి కూర్చుని, సరిగ్గా నా చెయ్యి తగిలిన చోటే నాకడం మొదలుపెట్టేది. ఎంత ప్రేమో చూశావా, నా చెయ్యి తగిలిన చోటు విడవకుండా నాకుతోంది అని మా ఆవిడతో అన్నాను. ఆవిడ కాపీలు దిద్దుకుంటూ పోయింది.

ఆ ప్రేమ పెంచుకోవాలని నేను లంచాలు మొదలుపెట్టాను. మా ఆవిడ బడికి వెళ్లాక, కొట్టుకి బయల్దేరే ముందు, ఒక బిస్కట్టు మంచం కిందకి తోసేవాణ్ని. ఇంకో రోజు గుప్పెడు ముఢీ, అంటే మరమరాలు. అరటిపండు ముక్క. తుమ్ముతూనే తినేది. నెల తిరిగేసరికి కుందేలు బొద్దుగా అయింది, దాని వెనక భాగం పాడైంది. మెత్తని పెంట తోక కింద బొచ్చుకి అంటుకుని, ఎండి, ఉండ కట్టింది. మా ఆవిడ గుడ్డతో తుడవబోతే బెదిరి పారిపోయేది. ఇల్లంతా ఒక రకం వాసన. నేనిక ఊరుకోలేకపోయాను.

పైగా మా నాయన తద్దినం దగ్గర పడింది. తద్దినానికి గిరిసోల నుంచి మా అప్ప, అంటే మా అక్కగారు, రావాలి. శుభ్రంలో ఆవిడ నాకంటే నాలుగాకులు ఎక్కువ చదివిన మనిషి. రైల్లో ఎవరి చెయ్యి తగలకుండా బరంపురం దాకా నిలబడే వస్తుంది. తన చెంబు తనే తెచ్చుకుంటుంది. తద్దినం అయ్యేదాకా తడిబట్టతో మడి కడితే ఆవిడ చుట్టుపక్కల గాలి కూడా జాగ్రత్తగా వీయాలి.

"అప్ప ఒచ్చీలోగా అది శుభ్రంగా ఉండాల" అన్నాను మా ఆవిడతో. "లేదంటే గిరిసోల అవతల కుందేళ్లు పెంచేవోడు ఉన్నాడు, ఆడికిచ్చీద్దాం."

గిరిసోల అవతల అతను కుందేళ్లని ఎందుకు పెంచుతాడో మా ఇద్దరికీ తెలుసు. కూర కోసం పెంచుతాడు. మా ఆవిడ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే నేను సర్దుకునేవాణ్ని. కోపం లేదు, నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. మర్నాడు బడికి వెళ్లే దారిలో పశువుల డాక్టరమ్మ దగ్గర ఆగి అడిగి వస్తానంది.

ఆ మర్నాడు పదిన్నరకి కొట్టులో ఉన్నాను. మర తిరుగుతోంది. కారం రోజు. ఫోను మోగింది.

"డాక్టరమ్మ సెప్పినారు" అంది మా ఆవిడ. వెనక పిల్లల గోల. "తడి వద్దంట. నీల్లు అస్సలు తగలనీయొద్దంట. పొడేనంట."

"పొడా?"

"అవును, పొడే. నేనొచ్చి సేస్తాను."

"ఏ పొడే?"

"ఏ పొడేటండీ, పొడంటే పొడే" అంది విసుగ్గా. గంట కొట్టారు, పెట్టేసింది.

చదివేవాళ్లకి ఇక్కడ నవ్వు రావచ్చు. నన్ను కాస్త అర్థం చేసుకోండి. తడి కానిది పొడి అని నాకూ తెలుసు. కానీ మూడు తరాలుగా మా ఇంట్లో పొడి అంటే గోనెసంచీలో ఉండేది, కొలిచి ఇచ్చేది. మా తాతకి ఊళ్లో ఉన్న పేరే 'పొడుల'తో మొదలవుతుంది. పైగా నా మనసులో కాస్త అపరాధం ఉంది. గిరిసోల మాట అని ఉండాల్సింది కాదు. తను వచ్చి చేస్తానంది కదా, తను వచ్చేలోగా నేనే చేసేసి చూపిస్తే ఆ చూపు పోతుంది అనుకున్నాను.

ఏ పొడో నేనే ఆలోచించాను. కారం, ధనియాల పొడి వదిలేశాను, అంత తెలివితక్కువవాణ్ని కాను. శీకాకాయకి కళ్లు మండుతాయి. పసుపు ఒక్కటే అయితే తెల్ల బొచ్చుకి రంగు పడుతుంది. మిగిలింది సున్నిపిండి. పెసలు, బావంచాలు, కచ్చూరాలు ఆడించి రెండుసార్లు జల్లించిన రకం, పెళ్లికూతుళ్లకి నలుగు పెట్టడానికి గంజాం జిల్లాలో సగం ఊళ్లకి మా కొట్టు నుంచే వెళ్తుంది. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అబ్బాయి పుట్టినప్పుడు నలుగు పెట్టిందీ అదే. కుందేలుకి ఇంతకంటే ఏం మర్యాద చేస్తాం? అందులోనూ కాస్త పసుపు ఉంటుందన్న సంగతి ఆ ఉత్సాహంలో గుర్తు రాలేదు. పెద్ద పొట్లం కట్టుకుని, మర ఆపమని చెప్పి, ఇంటికి వచ్చేశాను.

కుందేలుని మంచం కింద నుంచి లాగడానికి పావుగంట పట్టింది. పెరటి గచ్చు మీద పీట వేసుకుని, ఒళ్లో గోనె పరుచుకుని, దాన్ని పట్టుకుని నలుగు పెట్టడం మొదలుపెట్టాను. అది తుమ్మింది. నేనూ తుమ్మాను. వీపు మీద వేసిన పిండి గాలికి ఎగిరి ఇద్దరి ముఖాల మీదా పడింది. వెనక భాగం తడిగా ఉంది కదా, అక్కడ వేసిన పిండి వేసినట్టే పట్టేసి, బూరెకి తోపు పిండి పట్టినట్టు దళసరిగా అయింది. గోకితే రాలేదు. దులిపితే రాలేదు. ఇంకాస్త పొడి వేస్తే ఆరుతుందేమో అని వేశాను. అది కూడా పట్టేసింది.

తడి వద్దంది మా ఆవిడ. ఆ మాట చెవిలో ఉంది. కానీ నలుగు పెట్టి నీళ్లు పోయకుండా లేపేసిన పెళ్లికూతురు ఎక్కడైనా ఉందా? తానం లేకుండా నలుగు ఏం నలుగు? ఆ నిమిషంలో నాకు ఇది చాలా సబబుగా తోచింది. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, కుందేలుని అందులో దింపాను.

అది మొదట గింజుకుంది. నా మణికట్టు మీద గీరింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తర్వాత ఒక్కసారిగా ఆపేసింది. నా చేతిలో మెత్తగా వాలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నేనేమనుకున్నానో దాచకుండా రాస్తాను. వెచ్చటి నీళ్లకి హాయిగా ఉంది అనుకున్నాను. ఇన్నాళ్లకి నా దగ్గర భయం పోయింది అనుకున్నాను. సంతోషంతో కూనిరాగం కూడా తీశాను. పిండి కరిగి నీళ్లు పచ్చబడ్డాయి, ఉండలు విడిపోయాయి, తోక కింద శుభ్రమైంది. తువ్వాలు మీద పడుకోబెట్టి ఫొటో తీసి మా ఆవిడకి పంపించాను. కింద రాశాను: 'పొడి అయింది. తానం కూడా అయింది. ఇంక దానికి భయం లేదు.'

ఇరవై నిమిషాల్లో ఇంటి ముందు ఆటో ఆగింది. బడి మధ్యలో మా ఆవిడ ఇంటికి రావడం అదే మొదటిసారి. చెప్పులు విప్పకుండా పెరట్లోకి వచ్చింది. నేను 'సెప్పులు' అనబోయాను. ఆవిడ కుందేలుని ముట్టుకుని చూసింది. అది చల్లగా ఉంది. మాఘమాసం, నేను పీట వేసుకున్న మూల ఎండ పడదు. కుందేలు వణకడం కూడా లేదు.

తాడు మీద నా పంచె ఆరుతోంది. తద్దినానికని ప్రత్యేకంగా తడిపి ఆరేసిన మడి పంచె, ఎవరూ ముట్టుకోకూడనిది. మా ఆవిడ దాన్ని ఒక్క లాగు లాగి కుందేలుకి చుట్టింది. నేను నోరు తెరిచాను. ఆవిడ చూసింది. నేను నోరు మూసుకున్నాను.

అదే ఆటోలో వెళ్లాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పంచెలో చుట్టిన పచ్చటి కుందేలుని చూసి, నన్ను చూసి, బల్ల మీద పాత తువ్వాలు పరిచింది. మెల్లగా తుడిచి, ఆరబెట్టి, సూది వేసింది. అప్పుడు మా ఆవిడ జరిగింది చెప్పింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి ఒడియాలో అంది, "మూఁ శుఖిలా కహిథిలి. గుండ నుహెఁ." నేను శుఖిలా అన్నాను, గుండ కాదు. ఒడియాలో తడి లేనిదానికి శుఖిలా, మరలో ఆడించినదానికి గుండ. రెండిటికీ రెండు మాటలు ఉన్నాయి. మా ఇంట్లో మాట్లాడే భాషలో రెండిటికీ ఒక్కటే.

నీళ్లలో వాలిపోవడం హాయి కాదట. పారిపోయే దారి లేనప్పుడు కుందేలు అలాగే చేస్తుందట, చచ్చిపోయానని అది అనుకుంటుందట. నేను పాట పాడుతున్నంతసేపూ అది అలా అనుకుంటూ ఉంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. "బిస్కుట్ కిఏ దెఉఛి?" అంది డాక్టరమ్మ. బిస్కట్లు ఎవరు పెడుతున్నారు అని. పిండి వస్తువులు తింటే కుందేలు వెనక భాగం ఇలాగే పాడవుతుందట. మా ఆవిడ "ఎవరూ పెట్టరు" అంది. నేను గోడమీద ఆవు బొమ్మ చూస్తూ, నేనే అన్నాను. అదంతా నేనే చేశాను. మురికి నేనే చేసి, మురికిగా ఉందని కూరకి పంపిస్తానన్నవాణ్ని నేనే.

ఎండుగడ్డి పెట్టమంది డాక్టరమ్మ. కుందేలు ఒక పూట తినకపోయినా ప్రమాదమే, రేపు మధ్యాహ్నం లోగా ఏదో ఒకటి నోట్లో పెట్టుకోకపోతే కష్టం అంది. వెచ్చగా ఉంచమంది. గోల లేకుండా చూడమంది. ఆ ఆఖరి మాట నన్ను చూసి అంది.

పాలవాళ్ల ఇంటి నుంచి వరిగడ్డి తెచ్చాను, కుందేలు అటు చూడలేదు. కొత్తిమీర తెచ్చాను, ముక్కు తిప్పుకుంది. మా ఆవిడ అట్టపెట్టె పక్కన కూర్చుంది. నా మీద అరుస్తుందని సాయంత్రం దాకా ఎదురు చూశాను. అరవలేదు. ఆఖరికి నేనే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"తెలీక సేసినాను" అన్నాను.

"తెలీదనే సెప్పినాను గదా, నేనొచ్చి సేస్తానని." పెట్టెలో గుడ్డ సర్దుతూ అంది, "ఈ ఇంట్లో కడుక్కోమని ఎవరూ సెప్పకుండా తిరిగే పేనం అదొక్కటే. దాన్ని సూస్తంటే నాకు బాగుండేది. అంతేనండి."

ఇన్నేళ్లలో ఆవిడ నన్ను తిట్టిన తిట్లన్నీ కలిపినా ఇంత తగల్లేదు. అలవాటు కొద్దీ కుళాయి దగ్గరికి వెళ్లాను. అక్కడ నిలబడి, చేతులు కడుక్కోకుండా తిరిగి వచ్చేశాను.

మర్నాడు తెల్లారాక పాసింజరులో అప్ప దిగింది. స్టేషన్ నుంచి వచ్చేటప్పుడే ఆటోలో జరిగిందంతా చెప్పేశాను, బిస్కట్లతో సహా. ఆవిడ అంతా వింది. ఇంటికొచ్చి, పెరట్లో తానం చేసి, తడిబట్ట కట్టుకుని, తన సంచీని వెనక వరండాలో పీట మీద పెట్టుకుంది. సంచీలోంచి దర్భ కట్ట పైకి కనిపిస్తోంది. తద్దినానికి దర్భ ఎప్పుడూ అప్పే తెస్తుంది. సోనేపూర్ దగ్గర ఏటి ఇసకలో మొలిచే దర్భ శ్రేష్ఠమని ఆవిడ నమ్మకం. దాన్ని కోసి తెచ్చి ఇచ్చేది చేపలమ్మే ఆవిడ. చేపల తట్టలో పక్కన పెట్టుకుని తెస్తుంది. ఆ సంగతి బయటికి పొక్కకూడదని అప్ప నాకు ఏటా చెబుతుంది.

వరండాలో ఎండ పడేచోటే కుందేలు పెట్టె ఉంది. పది దాటింది, పదకొండైంది. మా ఆవిడ బడికి సెలవు పెట్టింది. నేను కొట్టుకి వెళ్లలేదు. ముగ్గురం తలో పక్కన కూర్చుని ఆ కుందేలు నోటివైపే చూస్తున్నాం. అది కదలదు. పన్నెండు కావస్తుంటే ముక్కు ఆడించింది. మెడ చాపింది. పెట్టె అంచు మీద గడ్డం ఆనించి, పీట మీది సంచీ వైపు సాగి, దర్భ కట్ట కొసల్ని కొరికింది. పటుక్కున చప్పుడైంది. ఇంకోటి కొరికింది.

నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ల అలవాటు, కాళ్లే లేచాయి. "అప్పా, దర్భ..."

"ఊరుకో. తిననీ" అంది అప్ప.

"నాయన తద్దినానికి గదా."

"నాయనకి రేపు గదరా. దానికి ఇయ్యాల."

సన్నటి, ఎండిన, ఏటి ఒడ్డు గడ్డి. డాక్టరమ్మ చెప్పింది సరిగ్గా అదే. కుందేలు నిదానంగా, ఒక్కొక్కటే, కొసల నుంచి నమిలింది. మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. కళ్లల్లో కారం పడిందన్నాను. ఆ రోజు నేను కొట్టుకే వెళ్లలేదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు తద్దినం. పంచె కుందేలు వాసన వేస్తోందని తెలిసీ దాన్నే మళ్లీ తడిపి కట్టుకున్నాను. పంతులుగారు పవిత్రం చుట్టడానికి దర్భలు తీసి, ఎత్తి, కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ఏటమ్మా, వీటికి కొసలు లేవు?"

దర్భకి కొసలే ముఖ్యం. తడిబట్టతో నిలబడ్డ మా అప్ప, రైల్లో ఎవరి నీడా సోకనివ్వని మా అప్ప, కనురెప్ప ఆడించకుండా అంది: "ఈ యేడు అలగే మొలిసినాయి బాబూ."

పంతులుగారు అడుగున చెదరకుండా మిగిలిన నాలుగు దర్భలు వెతికి పని కానిచ్చారు. మా నాయన కూడా సర్దుకునే ఉంటాడు. తిండి దగ్గర ఆయన ఎవరినీ ఏమీ అనేవాడు కాదు.

అప్ప తిరిగి వెళ్లే రోజు పొద్దున్న, కుందేలు వరండాలో కూర్చుని ఉంది. వీపు మీద పసుపు రంగు ఇంకా పోలేదు. కొట్టు చొక్కా తొడుక్కుని బయల్దేరబోతూ, క్షమించమన్నట్టు నిమిరాను. అది తుమ్మి, మూడు గెంతులు దూరం పోయి, నా చెయ్యి తగిలిన చోటు నాకడం మొదలుపెట్టింది. "సూడు అప్పా, ఇంత సేసినా నేనంటే దానికి..." అంటున్నాను.

"ఒరే, నీ సొక్కా ఎప్పుడైనా వాసన సూసుకున్నావేటి?" అంది అప్ప. "ఆమడ దూరానికి కారం కొడతన్నాది. దానికి జలుబెక్కడిది, నువ్వే దాని జలుబు. సెవులపిల్లికి మడుందిరా. నువ్వు ముట్టుకున్న సోటల్లా కడుక్కుంటంది. ఈ ఇంట్లో మైల నువ్వే."

మా ఆవిడ నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వింది కాబట్టి, నవ్వు నా మీద అయినా నాకు ఏమీ అనిపించలేదు. గదిలోకి వెళ్లి చొక్కా విప్పి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. అదే భయం వేసింది.

అప్పటి నుంచి నాకు కొత్త నిష్ఠ పట్టుకుంది. కొట్టు నుంచి వచ్చి వీధి గుమ్మంలోంచి రాను, సందులోంచి పెరట్లోకి వెళ్తాను. అక్కడే చొక్కా విడిచి, తల మీంచి నీళ్లు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని అప్పుడు లోపలికి వస్తాను. దేవుడి కోసం నేనింత మడి ఎప్పుడూ కట్టలేదు. బిస్కట్లు ఆపేశాను. సోనేపూర్ చేపలావిడ ఇప్పుడు నెలకి రెండు మోపుల గడ్డి తెస్తోంది. దాన్ని నేను కడగను. కుందేలు వెనక భాగం దానంతటది బాగుపడింది. మా ఆవిడ ఎప్పుడైనా గుడ్డతో తుడిస్తే, ఆ గుడ్డని ముందు నా ముఖం ముందు ఆడించి "ఇది పొడి" అని చెబుతుంది. తుమ్ములు ఆగిపోయాయి. నేను ముట్టుకుంటే కడుక్కోవడం మాత్రం ఆగలేదు. నేను వీపు నిమరడం, అది పోయి కడుక్కోవడం. నేనేమీ అనుకునేవాణ్ని కాదు. ఇన్నేళ్లు మా ఆవిడకి నేను చేసింది అదే కదా.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం కరెంటు పోయి, మర ముందే కట్టేసి, ఇంటికి వచ్చి, తానం చేసి, మా ఆవిడ పక్కన నేలమీద గోడకి చేరబడి కూర్చున్నాను. కుడిచెయ్యి నేలమీద పెట్టి ఉంది. కుందేలు వచ్చింది. మా ఆవిడ దగ్గరికి అనుకుని కదలకుండా ఉన్నాను. నా చేతిని ముక్కుతో పొడిచింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. వేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల చుట్టూ, అదే గీరిన మణికట్టు, ఏదీ వదలకుండా, తన ఒళ్లు ఎంత శ్రద్ధగా కడుక్కుంటుందో అంత శ్రద్ధగా కడిగింది. చాలాసేపు పట్టింది. నా కాలు తిమ్మిరెక్కినా కదపలేదు.

అది వెళ్లిపోయాక మా ఆవిడ లేచి కంచాలు పెట్టింది. నేను లేచి నేరుగా వచ్చి పీట మీద కూర్చున్నాను. కుళాయి వైపు వెళ్లలేదు. ఆవిడ గరిటె చేత్తో అలాగే ఆగింది.

"సేతులు కడిగీసినారా?" అంది.

కుడిచెయ్యి ఎత్తి చూపించాను.

"ఇది కడగడమైపోయింది" అన్నాను. "వడ్డించు."